ఓన్ డ్యామేజ్ నడుస్తోంది, థర్డ్ పార్టీ అయిపోయింది: బెంగళూరులో 2,000 చలాన్. ఇప్పుడేం చేయాలి?

సీమకుర్రోడు (ప్రశ్న)

అన్నలూ, అక్కలూ, కొంచెం తొందరగా సలహా కావాలి.

కారు నాన్న పేరు మీద ఉంది, ఏపీ 39 నంబరు, అనంతపురం రిజిస్ట్రేషన్, 1,197 సీసీ పెట్రోల్ బండి. నేను యలహంక దగ్గర చదువుతున్నాను, వయసు 20, లైసెన్స్ వచ్చి నాలుగు నెలలు. నిన్న, అంటే అక్టోబరు 11న, హెబ్బాళ దగ్గర ఆపారు. ఫోన్‌లో ఇన్సూరెన్స్ పీడీఎఫ్ చూపించాను. అందులో 23-11-2025 వరకు అని స్పష్టంగా ఉంది. "ఇది థర్డ్ పార్టీ కాదు, థర్డ్ పార్టీ ఆగస్టులోనే అయిపోయింది" అని 2,000కి చలాన్ ఇచ్చారు. డబ్బు ఇంకా కట్టలేదు.

ఇంట్లో ఉన్న కాగితాల ప్రకారం తేదీలు ఇవీ. కొత్త కారుతో వచ్చిన పాలసీ: ఓన్ డ్యామేజ్ 18-08-2022 నుంచి 17-08-2023, థర్డ్ పార్టీ 18-08-2022 నుంచి 17-08-2025. తర్వాత నాన్న వేరే కంపెనీలో ఓన్ డ్యామేజ్ ఒక్కటే తీసుకున్నారు, 24-11-2023 నుంచి. పోయినేడు దాన్నే రెన్యూ చేశారు, 23-11-2025 వరకు. ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20 శాతం అని ఉంది. క్లెయిమ్‌లు ఏమీ లేవు.

అడగాల్సినవి: చలాన్ కట్టాలా, కోర్టులో వాదించాలా? ఇన్సూరెన్స్ ఉన్నట్టే కదా, డబ్బు కట్టిందే కదా? జైలు అని కూడా రాసి ఉందంట, నిజమా? నా లైసెన్స్‌కి ఏమైనా అవుతుందా, నాన్న మీద కేసు వస్తుందా? ఆగస్టు నుంచి వర్తించేలా పాత తేదీతో పాలసీ దొరుకుతుందా? ఫైన్లకు సగం తగ్గింపు ఇస్తుంటారు కదా, దాని కోసం ఆగొచ్చా?

చలాన్‌శాస్త్రి

ముందు ఒక మాట తమ్ముడూ. మీ చలాన్ సరైనదే. వాదించడానికి అందులో ఏమీ లేదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 అడిగేది ఒక్క థర్డ్ పార్టీ కవరే. మీ బండి వల్ల రోడ్డు మీద ఇంకొకరికి జరిగే నష్టానికి పూచీ. మీ బండి సొట్టలకు, దొంగతనానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ గురించి చట్టానికి పట్టింపు లేదు. అది లేకపోయినా ఎవరూ ఫైన్ వేయరు. మీ దగ్గర సరిగ్గా తలకిందులుగా ఉంది. లేకపోయినా ఫరవాలేదని చట్టం అన్నది ఉంది, తప్పదన్నది లేదు.

శిక్ష సెక్షన్ 196లో ఉంటుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్ళీ దొరికితే జరిమానా 4,000. జైలు కాగితం మీద ఉన్నమాట నిజమే. అయితే సెక్షన్ 200 కింద దీన్ని కాంపౌండ్ చేసుకోవచ్చు, అంటే పోలీసు దగ్గరే సొమ్ము కట్టేస్తే ఆ నేరం మీద ఇక విచారణ ఉండదు. కట్టకుండా వదిలేస్తేనే కోర్టు దాకా పోతుంది, అక్కడ మొత్తం ఎంతో మెజిస్ట్రేటు చెప్తారు.

లైసెన్స్ సస్పెన్షన్ 196లో లేదు. మీరు భయపడాల్సింది దానికి కాదు. ఆ సెక్షన్ నడిపినవాడిని ఎంత పట్టుకుంటుందో, నడపడానికి ఇచ్చినవాడినీ అంతే పట్టుకుంటుంది. కాబట్టి బండి యజమానిగా నాన్నగారికీ బాధ్యత ఉంది. ఇప్పుడు ఒక చలాన్‌తో పోయింది. ఇంకోసారి అయితే "రెండోసారి" లెక్కలోకి వస్తుంది.

పాత తేదీతో పాలసీ ఎవరిస్తానన్నా నమ్మకండి. బీమా చట్టం సెక్షన్ 64వీబీ ప్రకారం ప్రీమియం అందకముందు కంపెనీ రిస్కు మోయడానికి వీల్లేదు. పాలసీ మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా పడేది అందుకే. ఆగస్టు 18 నుంచి చూపిస్తానని ఏజెంటు అంటే అది నకిలీ కాగితమే. అది చూపిస్తే 2,000 ఫైన్‌తో పోయేది ఫోర్జరీ కేసవుతుంది.

షెడ్యూల్‌చదవండి

ఈ గొడవ ఎలా వచ్చిందో చెప్తాను, ఇంకా చాలామంది ఇదే గుంటలో ఉన్నారు.

సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త టూ వీలర్‌కు అయిదేళ్ళు థర్డ్ పార్టీ ఒకేసారి కొనాల్సి వచ్చింది. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికే ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఒకే పాలసీలో రెండు ముగింపు తేదీలు. 2019 సెప్టెంబరు నుంచి ఓన్ డ్యామేజ్‌ను విడిగా, కావాలంటే వేరే కంపెనీలో తీసుకునే వీలు వచ్చింది. ఏటా సమయానికి రెన్యూ చేస్తే మూడో ఏడు రెండూ ఒకే రోజు ముగుస్తాయి, మీకూ 17-08-2025నే ముగిసేవి. మీ ఇంట్లో 2023 ఆగస్టు 17న ఓన్ డ్యామేజ్ అయిపోయాక నవంబరు 24 దాకా ఖాళీ వదిలేశారు. అక్కణ్ణుంచి రెండు తేదీలూ విడిపోయాయి. ఇప్పుడు రెన్యూవల్ మెసేజ్ నవంబరులో వచ్చే కంపెనీదే కళ్ళకు కనిపిస్తుంది. థర్డ్ పార్టీ కంపెనీ మెసేజ్ షోరూంలో ఇచ్చిన ఏ నంబరుకు పోయిందో ఎవరికి తెలుసు!

ఆ ఖాళీకి ఇంకో దెబ్బ కూడా పడింది. పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు రెన్యూ చేయకపోతే ఎన్‌సీబీ పోతుంది. ఆగస్టు 17 నుంచి లెక్కేస్తే నవంబరు 15తో 90 రోజులు అయిపోయాయి. వారం పైన ఆలస్యంతో 20 శాతం పోయి సున్నా నుంచి మొదలైంది. లేకపోతే ఇప్పటికి 35లో ఉండేవాళ్ళు.

మీ ఓన్ డ్యామేజ్ పాలసీ షెడ్యూల్ తీసి ఒకటి చూడండి. "లయబిలిటీ పాలసీ వివరాలు" అని ఒక గడి ఉంటుంది, అందులో థర్డ్ పార్టీ పాలసీ నంబరు, కంపెనీ, ముగింపు తేదీ ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆ తేదీ మామూలుగా మనమే టైప్ చేస్తాం. అక్కడ 2025 బదులు ఇంకేదైనా పడి ఉంటే, చెల్లుబాటయ్యే థర్డ్ పార్టీ ఉండాలన్న షరతు చూపించి రేపు సొంత బండి క్లెయిమ్ కూడా ఆపుతారు. తప్పుంటే ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించండి.

ఇంకోటి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో ఇన్సూరెన్స్ ముగింపు అని ఒక తేదీ కనిపిస్తుంది. అది ఓన్ డ్యామేజ్‌దా, థర్డ్ పార్టీదా అని విడదీసి చెప్పదు. యాప్‌లో పచ్చగా ఉందని ధైర్యపడకండి, పాలసీ కాగితంలో "లయబిలిటీ" వరుసలో ఉన్న తేదీయే లెక్క.

రింగురోడ్డురాజు

చలాన్ కట్టే సంగతి: బెంగళూరు ట్రాఫిక్ పోలీసు వెబ్‌సైట్‌లో గానీ, వాళ్ళ అస్త్రం యాప్‌లో గానీ బండి నంబరు కొడితే బాకీలన్నీ వస్తాయి. బెంగళూరు వన్, కర్ణాటక వన్ కేంద్రాల్లోనూ తీసుకుంటారు, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళీ కట్టొచ్చు. ఎస్‌ఎంఎస్‌లో వచ్చిన లింకు నొక్కి మాత్రం కట్టొద్దు. చలాన్ పేరుతో ఏపీకే (APK, ఫోన్‌లో యాప్ ఎక్కించే) ఫైలు పంపే మోసాలు చాలా ఉన్నాయి. పనిలో పనిగా అదే నంబరు మీద కెమెరా కేసులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. సిగ్నలు గీత దాటినవీ, స్పీడువీ రిజిస్టర్డ్ ఫోన్‌కు, అంటే నాన్నగారికి వెళ్తాయి, మీకు తెలియదు.

సగం తగ్గింపు గురించి: 2023 ఫిబ్రవరిలో ఇచ్చారు, ఈ ఏడాది ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా ఇచ్చారు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తేనే అది. వెయ్యి రూపాయలు మిగులుతుందని ఆగితే ఈలోపు కేసు కోర్టుకు చేరొచ్చు. బండి మీద చలాన్ బాకీ ఉంటే ఎన్ఓసీ, పేరు మార్పిడి లాంటి పనులూ ఆగుతాయి.

ఏపీ నంబరుతో ఇన్సూరెన్స్‌కు ఇబ్బందేమీ లేదు, పాలసీ దేశమంతా చెల్లుతుంది. కానీ బండి ఇక్కడే 12 నెలలు దాటి ఉంటే సెక్షన్ 47 కింద కర్ణాటక నంబరు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కథ మొదలవుతుంది. అది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.

సీమకుర్రోడు

థ్యాంక్స్ అన్నా. చలాన్ ఇప్పుడే కట్టేశాను, రసీదు వచ్చింది. షెడ్యూల్ కూడా చూశాను, థర్డ్ పార్టీ తేదీ అందులో 17-08-2026 అని పడింది! సరిచేయమని మెయిల్ పెట్టిస్తాను.

ఇప్పుడు ఏది కొనాలి? థర్డ్ పార్టీ ఒక్కటే కొంటే చాలా? ఏజెంటు ఒకాయన "పాత ఓన్ డ్యామేజ్ క్యాన్సిల్ చేసి ఫుల్ ప్యాకేజీ తీసుకో" అంటున్నాడు. వారాంతంలో నలుగురు ఫ్రెండ్స్‌తో నందిహిల్స్ వెళ్ళాలనుకున్నాం.

క్లెయిమ్‌కాగితం

ఏజెంటు చెప్పిన దాంట్లో సగం సరి, సగం తొందర.

ప్యాకేజీ, అంటే ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ ఒకే పాలసీలో ఉండేది, మంచిదే. ఎందుకో చాలామందికి తెలియదు. "లయబిలిటీ ఓన్లీ" పాలసీలో ప్రైవేటు కారు లోపల కూర్చున్నవాళ్ళకు కవర్ ఉండదు. రోడ్డు మీద నడిచేవాళ్ళకు, ఎదుటి బండిలో ఉన్నవాళ్ళకు ఉంటుంది గానీ, మీ వెనక సీట్లో ఉన్న ఫ్రెండ్‌కు ఉండదు. ప్యాకేజీ పాలసీలో మాత్రం లోపలివాళ్ళకూ కంపెనీయే బాధ్యత వహించాలి. 2012లో సుప్రీంకోర్టు ఈ రెంటి తేడా విడమరిచి చెప్పింది. మీ విషయంలో ఓన్ డ్యామేజ్ ఒక చోట, థర్డ్ పార్టీ ఒక చోట ఉంటే రెండూ కలిసి ప్యాకేజీ అయిపోయాయని అనుకోకండి. లోపలివాళ్ళ బాధ్యత లయబిలిటీ భాగంలోది, విడి ఓన్ డ్యామేజ్ పాలసీలో ఆ భాగమే లేదు.

కానీ ఇప్పుడే క్యాన్సిల్ చేస్తే ఎన్‌సీబీ దెబ్బతింటుంది. క్లెయిమ్ లేకుండా నిండా 12 నెలలు నడిస్తేనే పై మెట్టు. 43 రోజులు మిగిలి ఉండగా తీసేస్తే 20లోనే ఉంటారు, నవంబరు 23 దాకా ఉంచితే 25 అవుతుంది. ఓన్ డ్యామేజ్ మూల ప్రీమియం 7,000 అనుకుంటే ఆ తేడా 350, జీఎస్టీతో 413. పెద్ద సొమ్ము కాదు గానీ, 35, 45, 50 మెట్లన్నీ ఒక ఏడు వెనక్కి పోతాయి.

అందుకని: ఈరోజే ఒక ఏడాది థర్డ్ పార్టీ తీసుకోండి. 1,000 సీసీ పైన, 1,500 లోపు కారుకు ప్రభుత్వం పెట్టిన రేటు 3,416, 18 శాతం జీఎస్టీతో 4,031. 2022 జూన్ నుంచి ఇదే రేటు. ఏ కంపెనీలో కొన్నా థర్డ్ పార్టీ ప్రీమియం ఇంతే, కాబట్టి చౌక కోసం వెతకడం వృథా. 20 ఏళ్ళ కుర్రాడు నడుపుతాడని పెరగదు, ఈ చలాన్ వల్లా పెరగదు. దీనికి బండి ఇన్‌స్పెక్షన్ కూడా అడగరు.

డబ్బు కట్టాక పాలసీ మొదలయ్యే సమయం చూడండి. గడువు దాటిన బండికి కొన్ని కంపెనీలు ఆ రాత్రి 12 నుంచి, కొన్ని ఇంకా తర్వాత మొదలుపెడతాయి. ఆ నిమిషం దాకా బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉండాలి. వీధిలో పెట్టినా అది పబ్లిక్ ప్లేసే.

షెడ్యూల్‌చదవండి

@క్లెయిమ్‌కాగితం గారూ, ఒక్కచోట నేను ఒప్పుకోను. థర్డ్ పార్టీ ఇప్పుడు, ప్యాకేజీ తర్వాత అంటే మళ్ళీ రెండు తేదీలు! 2026 అక్టోబరులో ఒకటి, నవంబరులో ఒకటి. ఈ ఇంట్లో తేదీలు విడిపోవడమే కదా జబ్బు. 413 రూపాయల కోసం అదే జబ్బు మళ్ళీ తెచ్చుకోవడం ఎందుకు?

క్లెయిమ్‌కాగితం

మీ మాట న్యాయమే. దానికి మందు ఉంది: ఇప్పుడు తీసుకునే థర్డ్ పార్టీని ఓన్ డ్యామేజ్ ఉన్న కంపెనీలోనే తీసుకోవాలి. నవంబరు 24న మొదలయ్యేలా ప్యాకేజీ కూడా అక్కడే కొని, అదే రోజు నుంచి పాత థర్డ్ పార్టీ రద్దు చేయమని అడగాలి. థర్డ్ పార్టీని వేరే చెల్లుబాటయ్యే పాలసీ చూపించకుండా రద్దు చేయరు. కొత్త ప్యాకేజీయే ఆ ఆధారం. మిగిలిన రోజుల లెక్కన డబ్బు వెనక్కి వస్తుంది. అప్పుడు ఏటా ఒకే తేదీ, ఒకే కాగితం. ఇంత తిరగడం మన వల్ల కాదనుకుంటే మీరన్నట్టు ఇప్పుడే ప్యాకేజీకి మారిపోవచ్చు, ఇన్‌స్పెక్షన్ ఫొటోలకు ఒకట్రెండు రోజులు పడుతుందంతే.

తమ్ముడూ, ఏ దారిలో వెళ్ళినా ప్యాకేజీ చేతికి వచ్చేదాకా నందిహిల్స్ వద్దు. లోపల నలుగురు, కింద ఘాట్ మలుపులు, పైన చెప్పిన కవర్ ఖాళీ.

చలాన్‌శాస్త్రి

పాలసీ లేని రోజుల్లో గుద్దితే ఏమవుతుందో కూడా చెప్పాలి, 2,000 చూసి ఇంతేనా అనుకుంటారు.

లైసెన్స్ లేనివాడు నడిపినా, పాలసీ అంటూ ఉంటే చాలా కేసుల్లో ట్రిబ్యునల్ "కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, యజమాని దగ్గర వసూలు చేసుకో" అంటుంది. పాలసీయే లేకపోతే చెల్లించడానికి కంపెనీయే ఉండదు. మొత్తం పరిహారం నాన్నగారి మీద పడుతుంది. సంపాదించే మనిషి చనిపోతే ఆయన జీతం, వయసు, ఆధారపడినవాళ్ళను బట్టి లెక్క కడతారు, అది సులువుగా లక్షల్లో ఉంటుంది. బీమా లేని బండి ప్రమాదంలో ఉంటే పరిహారానికి తగ్గ పూచీకత్తు పెట్టేదాకా దాన్ని విడుదల చేయకూడదని నిబంధన తేవాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది కూడా. నెలల తరబడి బండి స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతుంది.

సీమకుర్రోడు

అర్థమైంది అన్నా. మొదటి దారిలోనే వెళ్తాం, థర్డ్ పార్టీకి ఇప్పుడే అప్లై చేస్తున్నాను. ఫారంలో రెండు ప్రశ్నలు అడుగుతోంది. "యజమాని-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద కవర్ 15 లక్షలు" కావాలా అని, "థర్డ్ పార్టీ ఆస్తి నష్టం 6,000కు పరిమితం చేయాలా" అని. ఇంకా పీయూసీ (పొల్యూషన్ సర్టిఫికెట్) తేదీ కూడా అడుగుతోంది, అది అయిపోయింది. పాలసీ ఆగుతుందా?

క్లెయిమ్‌కాగితం

పీయూసీ లేకపోయినా ఆగదు. పీయూసీ ఉంటేనే రెన్యూవల్ అన్న 2017 షరతును సుప్రీంకోర్టు 2024 జులైలో తీసేసింది. కానీ పీయూసీ లేకపోతే అది మళ్ళీ వేరే చలాన్, ఏదైనా పెట్రోల్ బంకులో పది నిమిషాల పని, చేయించేయండి.

ఆస్తి నష్టం ఎట్టి పరిస్థితుల్లోనూ 6,000కు తగ్గించొద్దు. మామూలుగా 7.5 లక్షలు ఉంటుంది. తగ్గిస్తే ప్రీమియంలో ఏదో వంద దాకా మిగులుతుంది, ఔటర్ రింగ్ రోడ్డులో ఖరీదైన కారు బంపరు తాకితే మిగతాదంతా మీ జేబులోంచి.

15 లక్షల కవర్ బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళది, వాళ్ళకు చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి. నాన్నగారికి ఇంకో బండి మీద గానీ విడిగా గానీ 15 లక్షల ప్రమాద బీమా ఉంటే, ఉందని ప్రకటించి వదిలేయొచ్చు. లేకపోతే తీసుకోవాల్సిందే. అది మీకు వర్తిస్తుందని మాత్రం అనుకోవద్దు. నడిపేది మీరు కాబట్టి మీ పేరు మీద ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ విడిగా తీసుకోండి. తండ్రి బండి అడిగి నడిపే కొడుకు గాయపడితే, అదే బండి థర్డ్ పార్టీ కింద క్లెయిమ్ చేయడం కుదరదు. బండి తీసుకుని నడిపేవాడిని యజమాని స్థానంలోనే చూస్తామని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

రింగురోడ్డురాజు

బండి ఫ్రెండ్స్ చేతికి ఇస్తుంటే ఇంకొకటి. చెల్లే లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది. ఎల్ఎల్ఆర్ ఉన్నవాడైతే పక్కన పక్కా లైసెన్స్ ఉన్నవాడు కూర్చుని, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్ల బోర్డు కారును వారాంతంలో బాడుగకు మాత్రం ఇవ్వొద్దు. పాలసీలో "వినియోగ పరిమితులు" అనే పేరాలో కిరాయి లేదని రాసే ఉంటుంది. దొరికితే పర్మిట్ లేని కేసు, సెక్షన్ 192ఏ, అది 10,000.

సీమకుర్రోడు

పాలసీ వచ్చింది! 13-10-2025, 00:00 నుంచి అని ఉంది. ఈ రాత్రికి బండి సెల్లార్‌లోనే. నందిహిల్స్ బస్సులో పోతాం.

షెడ్యూల్‌చదవండి

మంచిది. పీడీఎఫ్‌లో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోయాయో చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా వాహన్ అనే ప్రభుత్వ బండ్ల రికార్డుకు చేరదు, కెమెరాకు మీరు ఇంకా బీమా లేనివాళ్ళే. రెండు మూడు రోజుల తర్వాత కూడా ఎంపరివాహన్‌లో కొత్త తేదీ రాకపోతే కంపెనీకి మెయిల్ పెట్టండి, ఆన్‌లైన్‌లోకి ఎక్కించాల్సింది వాళ్ళే. ఈలోపు ఆపితే డిజిలాకర్‌లోదో, కంపెనీ పంపిన పీడీఎఫ్‌లో క్యూఆర్ కోడ్ ఉన్న పేజీయో చూపించండి. ఓన్ డ్యామేజ్ పీడీఎఫ్ ఫోన్‌లో ఉంటే దాని ఫైలు పేరు మార్చి "ఇది కాదు" అని పెట్టుకోండి.